మధురవాడలో కట్టి గాజువాకలో నడపాలంటే: లినక్స్ ప్రోగ్రాంని లైబ్రరీలతో సహా పంపే పద్ధతి

మధురవాడ ఆఫీసులో ఉబుంటు 24.04 మీద చక్కగా నడిచిన ప్రోగ్రాం, గాజువాక ఆటోనగర్‌లో వేబ్రిడ్జి గదిలోని కంప్యూటర్‌లో పెట్టగానే ఒకే ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది: "వెర్షన్ జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్". కోడ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఆ కోడ్‌ని ఏ యంత్రం మీద కంపైల్ చేశారన్న, అంటే నడిచే ఫైలుగా కట్టారన్న దగ్గరే ఉంది చిక్కంతా.

ఉదాహరణకి లారీ తూకం చదివి చీటీ ముద్రించే ప్రోగ్రాం ఒకటి అనుకుందాం. సీ++లో, తెర మీద కిటికీలు, బటన్లు గీసే క్యూటీ 5 లైబ్రరీలతో రాసింది. అది వెళ్ళాల్సిన చోట్లు నాలుగు: ఆటోనగర్ కాటా దగ్గర ఉబుంటు 20.04, షీలానగర్ గోడౌన్‌లో డెబియన్ 11, పోర్టు దగ్గరి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉబుంటు 22.04, అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో కొత్తగా కొన్న 24.04. సగం చోట్ల నెట్ లేదు, ఉన్నచోట డ్రైవర్ ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, పావుగంటలో పెట్టి, చీటీ వచ్చేదాకా చూసి రావాలి.

కమాండ్లు, ఫైళ్ళ పేర్లు ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలోనే ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

ముందు యంత్రాల లెక్క

ప్యాకేజీ ఏ రూపంలో పంపాలన్న చర్చ తర్వాత. ముందు ప్రతి యంత్రం దగ్గరా మూడు సంగతులు రాసుకురండి, లేదా అక్కడున్నవాళ్ళతో ఫోటో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకోండి. /ఎట్సీ/ఓఎస్-రిలీజ్ ఫైలు ఏ పంపిణీయో, అంటే ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకాల్లో ఏదో చెబుతుంది. "యూనేమ్ -ఎమ్" ప్రాసెసర్ రకం చెబుతుంది. "ఎల్‌డీడీ --వెర్షన్" మొదటి వరస చివర కనిపించే అంకె జీలిబ్‌సీ వెర్షన్. ఈ యంత్రాల్లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల సీ లైబ్రరీ అది. మూడింట్లో అసలు ఆట నడిపేది ఈ మూడోదే.

మీకు తరచూ తగిలే అంకెలివి. సెంటాస్ 7లో 2.17. ఉబుంటు 18.04లో 2.27. డెబియన్ 10లోనూ, రెడ్‌హ్యాట్ 8 కుటుంబంలోనూ 2.28. ఉబుంటు 20.04లోనూ, డెబియన్ 11లోనూ 2.31. రెడ్‌హ్యాట్ 9లో 2.34. ఉబుంటు 22.04లో 2.35. డెబియన్ 12లో 2.36. ఉబుంటు 24.04లో 2.39.

జీలిబ్‌సీ వెనక్కి చూసి నడుస్తుంది, ముందుకి చూడదు. అంటే 2.31 మీద కట్టింది 2.39 మీద నడుస్తుంది. 2.39 మీద కట్టింది 2.31 మీద నడవడం దాదాపు జరగదు. ఎందుకంటే లైబ్రరీలోని ఒక్కో ఫంక్షన్‌కీ వెర్షన్ ముద్ర ఉంటుంది, కంపైల్ చేసేటప్పుడు ప్రోగ్రాంని లైబ్రరీలతో కలిపే లింకర్ ఆ యంత్రంలో ఉన్నవాటిలో కొత్త ముద్రనే అంటిస్తుంది. 2.34 దగ్గర ఈ బాధ ఒక్కసారిగా పెరిగింది. అప్పటిదాకా విడిగా ఉన్న పీథ్రెడ్, డీఎల్ లైబ్రరీలను ఆ వెర్షన్‌లో ప్రధాన లైబ్రరీలోనే కలిపేశారు. ప్రోగ్రాంని మొదలుపెట్టే "లిబ్‌సీ స్టార్ట్ మెయిన్" అనే ఫంక్షన్‌కి కూడా కొత్త ముద్ర పడింది. అందువల్ల 2.34 గానీ ఆపైది గానీ ఉన్న యంత్రంలో కడితే, ఒక్క నమస్కారం ముద్రించే ప్రోగ్రాం కూడా పాత ఉబుంటులో లేవదు.

మన నాలుగు యంత్రాల్లో అతి చిన్న అంకె 2.31. ఇకపై చేసే ప్రతి పనికీ అదే హద్దు.

పాత యంత్రాన్ని డబ్బాలో తెచ్చుకోవడం

ఆఫీసు కంప్యూటర్‌లో ఉబుంటు మార్చక్కర్లేదు. వేరే లినక్స్‌ని డబ్బాలో పెట్టినట్టు విడిగా నడిపే డాకర్ గానీ పోడ్‌మన్ గానీ ఉంటే డెబియన్:11 ఇమేజ్ తెచ్చుకుని అందులో కట్టండి. ఇమేజ్‌లోకి వెళ్ళాక బిల్డ్-ఎసెన్షియల్, క్యూటీబేస్5-డెవ్, లిబ్‌క్యూటీ5సీరియల్‌పోర్ట్5-డెవ్, ప్యాచ్‌ఎల్ఫ్ అనే నాలుగు ప్యాకేజీలు చాలు. క్యూటీ 5.15.2, జీసీసీ 10 వస్తాయి. ఉబుంటు 20.04 ఇమేజ్‌లో కూడా జీలిబ్‌సీ 2.31యే కానీ, అందులో వచ్చే క్యూటీ 5.12. కొత్తది దొరుకుతుంటే పాతది ఎందుకని డెబియన్ 11నే ఎంచుకున్నాం.

కట్టడం అయ్యాక నమ్మకానికి వదిలేయకుండా తనిఖీ చేయండి. "ఆబ్జ్‌డంప్ -టీ" కమాండ్‌ని, టీ పెద్దక్షరంతో, ప్రోగ్రాం మీద నడిపి, జీలిబ్‌సీ ఉన్న వరసలు గ్రెప్‌తో ఏరి, "సార్ట్ -వీ"తో, ఇదీ పెద్ద వీయే, వరసలో పెడితే అన్నిటికంటే పెద్ద అంకె చివర కనిపిస్తుంది. అది 2.31 దాటకూడదు. ప్రోగ్రాంకి ఒక్కదానికే కాదు, వెంట తీసుకెళ్ళే ప్రతి లైబ్రరీకీ ఈ తనిఖీ చేయాలి. ఎవరో ఇంటర్నెట్‌లోంచి దింపి ఫోల్డర్‌లో పడేసిన ఒక్క కొత్త లైబ్రరీ చాలు, మొత్తం పాడవడానికి.

మీ జాబితాలో ఎక్కడైనా సెంటాస్ 7 తగిలితే, దాని మద్దతు 2024 జూన్ 30తో ముగిసిపోయింది. మార్పించగలిగితే మార్పించండి. కుదరకపోతే పైథాన్ వాళ్ళ మెనీలినక్స్2014 ఇమేజ్ వాడండి. అందులో జీలిబ్‌సీ 2.17 ఉన్నా కంపైలర్ మాత్రం కొత్తది. రెడ్‌హ్యాట్ తయారుచేసిన ఆ కంపైలర్ కూర్పులో ఒక తెలివి ఉంది: పాత సీ++ లైబ్రరీలో లేని కొత్త ముక్కలను మాత్రం ప్రోగ్రాంలోనే అతికించేస్తుంది.

ఇంకో జాగ్రత్త. మేక్‌ఫైల్‌లో "-మార్చ్=నేటివ్" ఉంటే తీసేయండి. ఆఫీసు ప్రాసెసర్‌లోని కొత్త ఆదేశాలు వాడి కడితే, కాటా గదిలోని పాత ప్రాసెసర్ "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఒక్క ముక్కతో చచ్చిపోతుంది. ఇది లైబ్రరీ గొడవలా కనిపించదు కాబట్టి గంటలు తినేస్తుంది.

వెంట ఏవి, వద్దన్నవి ఏవి

ప్రోగ్రాం మీద నడిపితే అది అడిగే లైబ్రరీల జాబితా ఇస్తుంది ఎల్‌డీడీ. అది చెప్పినవన్నీ మూటగట్టేస్తే పోలా అనిపిస్తుంది. అది పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమే. ఆ పిల్లి పేరు జీలిబ్‌సీ. లిబ్‌సీ, లిబ్‌ఎమ్, లిబ్‌డీఎల్, లిబ్‌పీథ్రెడ్, ఎల్‌డీ-లినక్స్ లోడర్, ఇవన్నీ ఒకే ఇంటి పిల్లలు. లోడర్ ఒక వెర్షన్, లిబ్‌సీ ఇంకో వెర్షన్ అయితే ప్రోగ్రాం మొదలవకుండానే కూలుతుంది. కాబట్టి ఇవి ఎప్పుడూ అక్కడి యంత్రంవే వాడాలి.

రెండో వర్గం గ్రాఫిక్స్ డ్రైవర్లు, వాటిని ముట్టుకునేవి: లిబ్‌జీఎల్, లిబ్‌ఈజీఎల్, లిబ్‌డీఆర్‌ఎమ్, లిబ్‌ఎక్స్11, లిబ్‌ఎక్స్‌సీబీ. ఇవి అక్కడి గ్రాఫిక్స్ కార్డుకీ, ఎక్స్ సర్వర్‌కీ తగ్గట్టు ఉంటాయి. మనం తెచ్చినవి పనికిరావు.

మూడోది అందరూ బోల్తాపడేది: లిబ్‌ఎస్‌టీడీసీ++, అంటే సీ++ ప్రామాణిక లైబ్రరీ. దీన్ని వెంట తీసుకెళ్తే మంచిదే కదా అనిపిస్తుంది. 24.04 యంత్రంలో ఏం జరుగుతుందో చూడండి. ప్రోగ్రాం ముందుగా మనం ఇచ్చిన పాత సీ++ లైబ్రరీని ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత తెర మీద బొమ్మ గీయడానికి అక్కడి మెసా డ్రైవర్ లోపలికి వస్తుంది. దానికి కొత్త సీ++ లైబ్రరీ కావాలి, కానీ అప్పటికే పాతది కూర్చుని ఉంది. "ఫెయిల్డ్ టు లోడ్ డ్రైవర్" అని వస్తుంది, తెర నల్లగా ఉండిపోతుంది. మన నాలుగు యంత్రాల్లోనూ జీసీసీ 10కి సరిపడే లిబ్‌ఎస్‌టీడీసీ++ ఉంది కాబట్టి వదిలేయడమే మేలు. "-స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++" పెట్టి ప్రోగ్రాంలోనే కలిపేయమని చాలామంది చెబుతారు. ఒంటరి ప్రోగ్రాంకి అది బాగుంటుంది. క్యూటీ షేర్డ్ లైబ్రరీలు పక్కనున్నప్పుడు వద్దు. ఒకే ప్రోగ్రాంలో రెండు సీ++ లైబ్రరీలు కాపురం చేస్తే ఎక్సెప్షన్ల దగ్గర తెగుతుంది.

ఇక తప్పకుండా తీసుకెళ్ళాల్సినవి: క్యూటీ లైబ్రరీలన్నీ, వాటితోపాటు రకరకాల భాషల అక్షరాల లెక్క చూసే ఐసీయూ. ఐసీయూ పేరులోని అంకె పంపిణీ పంపిణీకీ మారిపోతుంది. ఉబుంటు 20.04లో 66, డెబియన్ 11లో 67, ఉబుంటు 22.04లో 70, 24.04లో 74. డెబియన్‌లో కట్టిన క్యూటీ 67నే అడుగుతుంది, పక్కింటి 66తో సర్దుకోదు. మూడు ఫైళ్ళు కలిపి 30 ఎంబీ పైనే ఉంటాయి, అయినా తప్పదు.

లైబ్రరీలను "సీపీ -ఎల్" అని, ఎల్ పెద్దక్షరంతో, ఎల్‌డీడీ చూపించిన పేరుతోనే కాపీ చేయండి. అప్పుడు లింకు కాకుండా అసలు ఫైలే, ప్రోగ్రాం అడిగే పేరుతో వస్తుంది. ఎవరిదో తెలియని ప్రోగ్రాం మీద మాత్రం ఎల్‌డీడీ నడపకండి, అది ఒక్కోసారి ఆ ప్రోగ్రాంనే నడిపేస్తుంది. "రీడ్‌ఎల్ఫ్ -డీ" క్షేమం.

లైబ్రరీలకి దారి చెప్పడం

ఫోల్డర్ ఇలా ఉండనివ్వండి: తూకం-1.4 లోపల బిన్, లిబ్, ప్లగిన్స్, ఫాంట్స్. ప్రోగ్రాం బిన్‌లో, లైబ్రరీలు లిబ్‌లో. పక్కనున్న లిబ్‌లో వెతకమని ప్రోగ్రాంకి చెప్పడానికి రెండు దారులు. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే వేరియబుల్ ఒకటి. ఇది సులువే గానీ, మన ప్రోగ్రాం లోపలినుంచి ప్రింటర్ కమాండో, బ్రౌజరో తెరిస్తే ఆ వేరియబుల్ వాటికీ అంటుకుంటుంది. చీటీ ముద్రించబోతే ఎల్‌పీ కమాండ్ మన లైబ్రరీలు పట్టుకుని పడిపోయే పరిస్థితి వస్తుంది.

మంచి దారి ఆర్‌పాత్, అంటే లైబ్రరీలు ఎక్కడ వెతకాలో ప్రోగ్రాం ఫైలులోనే రాసిపెట్టడం. కట్టిన తర్వాత ప్యాచ్‌ఎల్ఫ్‌తో ఇలా రాయండి: ప్యాచ్‌ఎల్ఫ్ --ఫోర్స్-ఆర్‌పాత్ --సెట్-ఆర్‌పాత్ '$ఆరిజిన్/../లిబ్' బిన్/తూకం. ఆరిజిన్ అంటే ఆ ఫైలు ఉన్న చోటు, ఫోల్డర్‌ని ఎక్కడికి మార్చినా దారి తప్పదు. చుట్టూ ఒంటి కొటేషన్ గుర్తులే పెట్టాలి. జంట గుర్తులు పెడితే షెల్ ఆ డాలర్ మాటని ఖాళీ చేసేస్తుంది, దారి "/../లిబ్"గా మిగిలిపోతుంది. మేక్‌ఫైల్‌లో రాస్తే డాలర్ రెండుసార్లు.

ఫోర్స్ ఎందుకంటే, ఇప్పటి పంపిణీల్లో లింకర్లు ఆర్‌పాత్ బదులు రన్‌పాత్ రాస్తాయి. రన్‌పాత్ ఆ ఫైలు నేరుగా అడిగే లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు మళ్ళీ అడిగేవాటికి వర్తించదు. ప్రోగ్రాం క్యూటీకోర్‌ని కనుక్కుంటుంది, క్యూటీకోర్ ఐసీయూని కనుక్కోలేదు. అందుకే లిబ్‌లోని ప్రతి ఫైలుకీ విడిగా '$ఆరిజిన్' రాయడం అలవాటు చేసుకోండి, ఒక ఫర్ లూపుతో అయిపోతుంది. స్ట్రిప్ చేసేది, అంటే ఫైలులోని డీబగ్ సమాచారం తీసేసి చిన్నది చేసేది ఉంటే ప్యాచ్‌ఎల్ఫ్‌కి ముందే చేయండి. తర్వాత చేస్తే ఫైలు చెడిపోయే ప్రమాదముంది.

దారి సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే "ఎల్‌డీ_డీబగ్=లిబ్స్" పెట్టి ప్రోగ్రాం నడపండి. ఒక్కో లైబ్రరీని ఎక్కడెక్కడ వెతికిందీ, చివరికి ఎక్కడ దొరికిందీ వరసగా చెబుతుంది.

ఎల్‌డీడీకి కనిపించనివి

క్యూటీ తెర మీద కిటికీ తెరవడానికి లిబ్‌క్యూఎక్స్‌సీబీ అనే ప్లగిన్‌ని నడుస్తూ నడుస్తూ ఎక్కించుకుంటుంది. అది ఎల్‌డీడీ జాబితాలో రాదు. దాన్ని మరిచిపోతే "కుడ్ నాట్ లోడ్ ద క్యూటీ ప్లాట్‌ఫామ్ ప్లగిన్ ఎక్స్‌సీబీ" అంటుంది. ప్లగిన్స్ లోపల ప్లాట్‌ఫామ్స్ ఫోల్డర్ పెట్టి అందులో ఉంచండి, దానికి ఆర్‌పాత్ '$ఆరిజిన్/../../లిబ్'. దాని మీద విడిగా ఎల్‌డీడీ నడిపి, అది అడిగే క్యూటీ5ఎక్స్‌సీబీక్యూపీఏ, లిబ్‌ఎక్స్‌సీబీ-ఐసీసీసీఎమ్, లిబ్‌ఎక్స్‌సీబీ-ఇమేజ్ లాంటివాటిని కూడా లిబ్‌లోకి తెచ్చుకోండి. ఎక్స్‌సీబీ ఇంట్లో ప్రధాన లైబ్రరీ ఒక్కటే వద్దన్నది, ఈ చిన్నచిన్న పిల్ల లైబ్రరీలు అన్ని యంత్రాల్లోనూ ఉండవు. తర్వాత బిన్‌లో క్యూటీ.కాన్ఫ్ అనే చిన్న ఫైలు: మొదటి వరస [పాత్స్], రెండోది ప్రిఫిక్స్=.. అంతే. ఇంకా మొరాయిస్తే "క్యూటీ_డీబగ్_ప్లగిన్స్=1" పెట్టి చూడండి, ఏది లేకనో పేరుతో సహా చెబుతుంది.

ఫాంటు కూడా డిపెండెన్సీయే. చీటీ మీద లారీ యజమాని పేరు తెలుగులో రావాలి, అక్కడి యంత్రంలో తెలుగు ఫాంటు లేకపోతే వరసగా డబ్బాలు పడతాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంటు స్వేచ్ఛా లైసెన్సుతో ఉంది, ప్రోగ్రాంతోపాటు పంచుకోవచ్చు. ఫాంట్స్ ఫోల్డర్‌లో పెట్టి, ప్రోగ్రాం మొదట్లోనే క్యూఫాంట్‌డేటాబేస్ ద్వారా ఎక్కించుకోండి.

నెట్‌లో సురక్షిత కనెక్షన్లకి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ లైబ్రరీని వెంట తీసుకెళ్తే సర్టిఫికెట్ల దారి చూసుకోవాలి. డెబియన్, ఉబుంటుల్లో అవి /ఎట్సీ/ఎస్‌ఎస్‌ఎల్/సెర్ట్స్ లోపల, రెడ్‌హ్యాట్ కుటుంబంలో /ఎట్సీ/పీకేఐ/టీఎల్‌ఎస్/సెర్ట్స్ లోపల ఉంటాయి. డెబియన్‌లో కట్టిన లైబ్రరీ రెడ్‌హ్యాట్‌లో తన దారే పట్టి వెళ్ళి, ఏమీ దొరక్క "సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్" అంటుంది. ఎస్‌ఎస్‌ఎల్_సెర్ట్_ఫైల్ వేరియబుల్‌తో అసలు ఫైలు చూపించాలి.

ఏ మూటలో కట్టాలి

మన కాటా ప్రోగ్రాంకి మా ఓటు మామూలు టార్ ఫైలుకి, /ఆప్ట్ లోపల విప్పుకోవడానికి. అందంగా ఉండదు, కానీ చెడిపోయినప్పుడు లోపలికి తొంగిచూడవచ్చు.

యాప్‌ఇమేజ్ కూడా ఇలాంటిదే, ఒకే ఫైలుగా ఉంటుంది. అందులోని పాత రకం రన్‌టైమ్‌కి లిబ్‌ఫ్యూజ్2 కావాలి, ఉబుంటు 22.04 నుంచి అది ముందే ఉండటం లేదు. 22.04లో లిబ్‌ఫ్యూజ్2, 24.04లో లిబ్‌ఫ్యూజ్2టీ64 అనే ప్యాకేజీ ఎక్కించాలి. పొరపాటున ఫ్యూజ్ అనే ప్యాకేజీ ఎక్కించకండి, ఫ్యూజ్3ని తీసేసి డెస్క్‌టాప్ భాగాలను కూడా లాక్కుపోగలదు. నెట్ లేనిచోట "--యాప్‌ఇమేజ్-ఎక్స్‌ట్రాక్ట్" అని నడిపితే స్క్వాష్‌ఎఫ్‌ఎస్-రూట్ అనే ఫోల్డర్ వస్తుంది. అందులోని యాప్‌రన్‌ని నేరుగా నడపవచ్చు, ఫ్యూజ్ గొడవే ఉండదు.

డెబ్ ప్యాకేజీ చేస్తే మెనూలో బొమ్మ, తీసేయడం, ఏ వెర్షనో తెలియడం సులువవుతాయి. ఒక ఉచ్చు ఉంది: ఉబుంటు 21.10 నుంచి డెబ్ ఫైళ్ళను జెడ్‌స్టాండర్డ్‌తో కుదిస్తోంది. దాన్ని డెబియన్ 11 విప్పలేదు. "డీపీకేజీ-డెబ్ -జెడ్‌ఎక్స్‌జెడ్ --బిల్డ్" అని కట్టండి, మొదటి జెడ్ పెద్దది. డెబియన్ 11 డబ్బాలోనే కడితే ఈ బాధ ఉండదు. ఎక్కించేటప్పుడు "ఆప్ట్ ఇన్‌స్టాల్ ./ఫైలుపేరు" వాడండి, ముందున్న చుక్కా గీతా లేకపోతే ఆప్ట్ దాన్ని నెట్‌లో వెతుకుతుంది.

ఫ్లాట్‌ప్యాక్ ఒకే ఫైలుగా చేసినా దాని రన్‌టైమ్ అందులో రాదు, అది వందల ఎంబీలు, విడిగా మోయాలి. స్నాప్‌ని నెట్ లేకుండా పెట్టాలంటే "స్నాప్ డౌన్‌లోడ్" ఇచ్చే రెండు ఫైళ్ళూ తీసుకెళ్ళి, అసర్ట్ ఫైలుకి ముందు "స్నాప్ యాక్" చేయాలి. రెండూ ప్రోగ్రాంని గోడ కట్టి లోపల కూర్చోబెడతాయి కాబట్టి కాటా నుంచి తూకం వచ్చే సీరియల్ పోర్టుకి విడిగా అనుమతి ఇవ్వాలి. కాటా గదికి ఇంత తతంగం అనవసరం.

తెర లేని సర్వర్ ప్రోగ్రాం అయితే సంగతి వేరు. గోలో రాసింది "సీగో_ఎనేబుల్డ్=0"తో కడితే ఏ లైబ్రరీ అడగని ఒకే ఫైలు వస్తుంది. సీ ప్రోగ్రాంని జీలిబ్‌సీతో పూర్తి స్టాటిక్‌గా కడితే మాత్రం పేరు నుంచి ఐపీ వెతికేటప్పుడు అది మళ్ళీ అక్కడి లైబ్రరీలనే అడుగుతుంది. అలాంటి పనికి జీలిబ్‌సీ బదులు వాడే మజిల్ అనే ఇంకో సీ లైబ్రరీ మేలు.

పైథాన్ అయితే అవే వెర్షన్లున్న యంత్రంలో "పిప్ డౌన్‌లోడ్ -డీ వీల్స్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ" చేసి, అక్కడ "--నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ వీల్స్"తో ఎక్కించండి. పైథాన్ ప్యాకేజీలను విడిగా ఉంచే వీఎన్వ్ ఫోల్డర్‌ని కాపీ చేసి తీసుకెళ్ళకండి, అందులో పూర్తి దారులు రాసేసి ఉంటాయి.

పెన్‌డ్రైవ్, కాటా గది

పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ. వాటిలో నడిపే అనుమతీ, సింబాలిక్ లింకులూ నిలవవు. విడి ఫోల్డర్‌గా కాకుండా టార్.ఎక్స్‌జెడ్‌గానే తీసుకెళ్ళండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, డాకర్ ఇమేజ్‌లు మోసేవాళ్ళు చూసుకోవాలి. పక్కనే షా256సమ్ ఫైలు పెట్టి, అక్కడ "-సీ"తో సరిచూశాకే విప్పండి. పెన్‌డ్రైవ్‌ని తీసేముందు ఎజెక్ట్ చేయకపోవడం వల్ల సగం రాసిన ఫైళ్ళతో ఊరంతా దాటి రావడం మామూలే.

బయల్దేరే ముందు ఖాళీ ఉబుంటు 20.04, 24.04 వర్చువల్ మెషీన్లలో ఒకసారి నడపండి. మీ ఆఫీసు కంప్యూటర్లో పరీక్షిస్తే లాభం లేదు, అక్కడ అన్ని లైబ్రరీలూ ముందే ఉన్నాయి.

అక్కడికి చేరాక మొదట గడియారం చూడండి. బోర్డు మీది బ్యాటరీ అయిపోయిన యంత్రంలో తేదీ ఏళ్ళ వెనక్కి ఉంటుంది. సర్టిఫికెట్లు ఇంకా చెల్లవంటుంది, టార్ భవిష్యత్తు నుంచి వచ్చిన ఫైళ్ళంటుంది. తర్వాత సీరియల్ పోర్టు. నడిపే యూజర్ డయల్‌అవుట్ గ్రూపులో ఉండాలి: "యూజర్‌మాడ్ -ఏజీ డయల్‌అవుట్", ఇందులో జీ పెద్దది, ఆ తర్వాత లాగవుట్ అయి మళ్ళీ లాగిన్. "-ఏజీ"లో "ఏ" అక్షరం మరిచిపోతే ఆ మనిషి మిగతా గ్రూపులన్నిటి నుంచీ బయటికి పోతాడు, సుడో కూడా పోతుంది. ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్ ఉన్న యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే టీటీవైయూఎస్‌బీ0 అనే పోర్టు కనిపించి మాయమైతే, అంధుల బ్రెయిలీ పరికరమనుకుని బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం దాన్ని పట్టుకుందన్నమాట. ఆ ప్యాకేజీ అక్కర్లేని చోట తీసేస్తే సరి.

మళ్ళీ వచ్చినప్పుడు

లైబ్రరీలు మనం మోసుకెళ్ళాం కాబట్టి వాటి భద్రతా మరమ్మతులు కూడా మన నెత్తినే. అక్కడ ఆప్ట్ అప్‌గ్రేడ్ చేసినా మన లిబ్ ఫోల్డర్‌లోకి ఏదీ రాదు. కట్టేటప్పుడే ఏ లైబ్రరీ ఏ వెర్షనో "డీపీకేజీ -ఎల్" జాబితాని ఫోల్డర్‌లో పెట్టండి. 2024లో ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1లో దొంగదారి బయటపడ్డప్పుడు, ఎవరి దగ్గర ఏది ఉందో పది నిమిషాల్లో చెప్పగలిగింది ఇలాంటి జాబితా ఉన్నవాళ్ళే.

కొత్త వెర్షన్‌ని పాతదాని మీద విప్పకండి, పాత లైబ్రరీలు కొన్ని మిగిలిపోయి కొత్తవాటితో కలిసిపోతాయి. /ఆప్ట్/తూకం లోపల 1.4, 1.5 అని విడి ఫోల్డర్లు, "ఇప్పటిది" అనే లింకు ఒకటి. మెనూ బొమ్మ ఎప్పుడూ ఆ లింకునే చూపాలి. కొత్తదానికి మార్చేటప్పుడు "ఎల్‌ఎన్ -ఎస్‌ఎఫ్‌ఎన్ 1.5 ఇప్పటిది", చీటీ రాకపోతే అదే కమాండ్ 1.4తో. చివరి ఎన్ మరిస్తే లింకు మారదు, పాత 1.4 ఫోల్డర్ లోపల ఇంకో లింకు పుట్టి కూర్చుంటుంది. మీరేమో కొత్తది పెట్టాననుకుని షీలానగర్ దాటేసి ఉంటారు.